ముప్పై ఎనిమిది కేజీల గిటారు

ఈ సంగతి మొదట చెప్పింది నందిగాం పైడమ్మ. కాశీబుగ్గలో రైలుకట్ట పక్కనున్న ప్రైవేటు బడిలో ఆవిడ ఆయా. ఆ రోజు స్టేజీ వెనకాల తెర పట్టుకుని నిలబడ్డది ఆవిడే కాబట్టి ఆవిడ మాటే లెక్క. తరవాత చెప్పినవాళ్లంతా తలో ముక్కా కలిపారు. ఆ ముక్కలన్నీ ఇక్కడ తీసేయడమైంది.

బంగారయ్య కాశీబుగ్గలో ముప్పై నాలుగేళ్లుగా మైకుసెట్టు అద్దెకిస్తున్నాడు. పొద్దున్నే కొట్టు తీసి, బాకాలు పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో మైకునీ గోటితో రెండుసార్లు కొడతాడు. నోటితో హలో అనడం ఆయనకి నచ్చదు, అది మైకుని బతిమాలడం అంటాడు. అక్షరాలు తన పేరు వరకే వచ్చు. ఆంప్లిఫైరు మీద ఇంగ్లీషులో ఏం రాసుందో ఆయనకి అక్కర్లేదు. గొంతు లావు చేసే నాబుకి ఎర్ర రంగు, సన్నం చేసేదానికి పచ్చ రంగు, కూత ఆపేదానికి సున్నం బొట్టు. ఆ రంగులతో ఆయన చేసిన పెళ్లిళ్లలో ఒక్కదానిలోనే మైకు కూసింది. అది సొంత అన్న కూతురి పెళ్లి. పుస్తె కట్టే వేళకే కూసింది. వదిన అసిరమ్మ పదిమందిలో, మా మరిది మైకు కన్నా మా మేక నయం అనేసింది. తొమ్మిదేళ్లయింది. గోడకి ఇవతల ఆయన, అవతల ఆవిడ, మాటల్లేవు.

ఒక మంగళవారం పది గంటలకి కొట్టు ముందు ఆటో ఆగింది. ఒక పక్కకి బాగా ఒరిగిపోయి ఉంది. ఆటో తోలే ప్రదీపూ, పక్క టీకొట్టు రమణా చెరో వైపూ పట్టి ఒక గిటారుని దింపారు. వెనకాల ప్రదీపు చెల్లెలు మాధవీలత దిగింది. వజ్రపుకొత్తూరు దగ్గర జీడితోట వాళ్ల అమ్మాయి. పైడమ్మ పనిచేసే బడిలోనే ఏడాదిగా సంగీతం టీచరు.

బంగారయ్య గిటారు వంక చూసి, "ఎన్ని కేజీలు?" అని అడిగాడు.

"మొన్న జీడిపిక్కల కాటా మీద ముప్పై ఎనిమిది తూగింది, బాబాయ్," అంది మాధవీలత.

"కొన్నప్పుడు?"

"పదకొండేళ్ల కిందట రెండు కూడా లేదు."

"అయితే పదకొండేళ్లూ ఎవులూ ఇనలేదన్నమాట."

ఎవరూ వినని పాట ఎక్కడికి పోతుంది, చెక్కలోకే కదా. మాధవీలత ఇంటి పెరట్లో పొద్దంతా జీడిపిక్కల మిషను ఆడుతుంది. ఆ చప్పుడు పక్కనే కూర్చుని ఆమె నేర్చుకుంది. వాయించిన ప్రతి పాటా గిటారులోనే దిగి కూర్చుంది. బరువెక్కిన కొద్దీ చెక్క పలకడం తగ్గింది, పలకడం తగ్గిన కొద్దీ ఇంకా బరువెక్కింది. బస్సులో కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టేవాడు. అందులో ఆయన తప్పేం లేదు.

శనివారం బడి వార్షికోత్సవం. హెడ్మాస్టరు తిరుమలరావు చెడ్డవాడు కాదు, చెవులున్నవాడు. సంగీతం పీరియడులో ఏడాదిగా ఆయనకి వినబడింది పిల్లల అల్లరీ, రైళ్ల మోతా మాత్రమే. ఆ రోజు ఆఖరి వరసలో కూర్చున్న తల్లిదండ్రులకి గిటారు వినబడితే ఉద్యోగం ఉంటుందనీ, లేదంటే ఆ పీరియడు కంప్యూటరుకి ఇచ్చేస్తాననీ చెప్పాడు. ఉద్యోగం పోతే మాధవీలత మళ్లీ ఆ మిషను పక్కకే పోవాలి.

బంగారయ్య గిటారుని బల్ల మీద పెట్టించాడు. శబ్దం బయటికొచ్చేది నడుమనున్న గుండ్రటి కంతలోంచే అని అందరూ మైకు దానికెదురుగా పెడతారు. ఆయన పెట్టడు. అక్కడ గాలి గుమిగూడి కూస్తుంది. మెడ వచ్చి ఒంటికి కలిసే చోట, జానెడు దూరంలో పెట్టాడు. కూత రాలేదు. అయితే వచ్చింది రోడ్డు మీద ఆటోలు, రమణ గ్లాసులు, మాధవీలత ఊపిరి. గిటారు మాత్రం గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంది. అంత బరువైన చెక్క గాలికి ఏమీ ఇవ్వదని ఆయనకి అర్థమైంది. చెక్కనే అడగాలి.

పాత గడియారం ఒకటి విప్పి, అలారం మోగించే ఇత్తడి బిళ్ళ తీశాడు. కరెంటిస్తే మోగే బిళ్ళ, చెక్కకి అంటిస్తే వింటుంది కూడా. ఇది ఆయనకి ఎవరూ నేర్పలేదు. దాన్ని మైకు వైరుకి టంకం పెట్టి గిటారుకి అంటించాడు. ఒకచోట రేకు మీద వాన పడ్డట్టు వచ్చింది. ఇంకోచోట చెప్పులు ఈడ్చినట్టు వచ్చింది. మరోచోట డప్పు తప్ప తీగ లేదు. మధ్యాహ్నం మూడు దాటేసరికి పదమూడు చోట్లు మార్చాడు. టంకంలో తప్పు లేదు, వైరులో తప్పు లేదు, రంగుల్లో తప్పు లేదు. చోటే దొరకలేదు.

నాలుగింటికి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్లు ఇళ్లకి మళ్లారు. అసిరమ్మ కూడా వచ్చింది. నలభై ఏళ్లుగా ఆ పనే, జీడి అంటి వేళ్లు నల్లబడిపోయాయి. కొట్టు మెట్టు దగ్గర ఆగి, మరిది వంక కాకుండా గిటారు వంక చూసింది.

"ఓ గుంటా," అంది మాధవీలతతో, "ఆ మైకాయన్ని అడుగు, పనసకాయ కొనీటప్పుడు కూడా ఇలాగే కళ్లతో సూత్తాడేటని."

బంగారయ్య టంకం పుల్ల కింద పెట్టాడు. "అమ్మా, ఆవిడికి సెప్పు. ఇది గిటారు, పనసకాయ కాదని."

"రెండిటికీ లోపలున్నాది పైకి అవుపడదు. తట్టి సూడాల."

"పొద్దుట్నుంచీ తడతన్నానని సెప్పు."

"గోటితో తడతన్నాడు. గోరు పైపెంకే ఇంటాది. కణుపుతో తట్టాల."

మధ్యలో ఉన్న మాధవీలతకి ఎవరికీ ఏమీ చెప్పే పని పడలేదు. గోటి మాట బంగారయ్యకి గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం. బల్ల ముందు నుంచి లేచి పక్కకి జరిగాడు.

"ఆవిడ్ని లోపలికి రమ్మను," అన్నాడు.

అసిరమ్మ చెక్క మీద చెవి ఆన్చి, నడిమివేలు మడిచి, కణుపుతో అంచు నుంచి లోపలికి తట్టుకుంటూ వచ్చింది. పిక్కలో పప్పు ఎటు ఒత్తిగిలి పడుకుందో చప్పుడుని బట్టి చెప్పే మనిషి. తీగలు కట్టిన చెక్కకి కింద, సన్నతీగ వైపు, మూడువేళ్ల దూరంలో ఆగింది. మళ్లీ తట్టింది. అక్కడ బొగ్గుతో చుక్క పెట్టింది. ఇంట్లోంచి పనసబంక ముద్ద తెచ్చి, రమణ పొయ్యి మీద కరిగించి, బిళ్ళకి పలచగా రాసింది.

"ఎక్కువెట్టొద్దని సెప్పు," అంది. "పాట బంకలో ఉండిపోతాది."

మాధవీలత ఒక్క తీగ మీటింది. స్పీకరులోంచి రేకు రాలేదు, డప్పు రాలేదు. చెక్కా తీగా వేలూ మూడూ కలిసి వచ్చాయి. రోడ్డు అవతల పాతఇనుం కొట్టు గోవింద్ తలెత్తి, ఎవరది వాయిస్తున్నారు అని అడిగాడు. ఆమె ఒక పాట మొత్తం వాయించాక అతని కాటా మీదే గిటారు పెట్టారు. ముప్పై ఏడున్నర.

శనివారం సాయంత్రం బంగారయ్య స్పీకర్లని స్టేజీకన్నా నాలుగడుగులు ముందుకి జరిపి, జనం వైపు తిప్పి పెట్టాడు. చెక్కకి తన గొంతు తనకే వినబడితే కూత మొదలవుతుంది. పిల్లలు నలభై మంది నిలబడ్డారు. మాధవీలత కుర్చీలో కూర్చుంటే ప్రదీపు గిటారుని ఎత్తి ఒళ్లో పెట్టాడు. తిరుమలరావు వెళ్లి ఆఖరి వరస వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పాట ఆఖరి వరస దాకా చేరింది. మధ్యలో రైలు వెళ్లింది, అయినా చేరింది. పిల్లలు పాడడం అయిపోయాక మాధవీలత చెయ్యి తీసేసింది. గిటారు ఆగలేదు.

మొదటి ఏడాది నేర్చుకున్న తప్పుల పాట వచ్చింది. తప్పులతో సహా వచ్చింది. వానాకాలం ఒకటి వచ్చింది. తుఫానుకి జీడిచెట్లు కూలిపోయిన ఏడాది, పడిపోయిన మాను మీద కూర్చుని వాయించింది వచ్చింది. ఆ జీడితోటలుండే ఉద్దానం వైపు నుంచి వచ్చిన మగవాళ్లు అప్పుడు తువ్వాళ్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. వాళ్లెవరికీ అది ఏ పాటో చెప్పక్కర్లేకపోయింది. తిరుమలరావుది కూడా ఆ వైపే. ఆయన గడియారం చూడబోయి చెయ్యి దించేశాడు, ఖాళీ కుర్చీ ఒకటి చూసుకుని కూర్చున్నాడు. అరగంటకని వేసిన కార్యక్రమం రెండు గంటలు నడిచింది. ఒక్కరూ లేవలేదు.

తెర వెనక నుంచి పైడమ్మకి కనబడింది ఇది. ఒక్కో పాటా బయటికి పోతుంటే, అదిమిపెట్టినట్టున్న మాధవీలత భుజాలు కొంచెం కొంచెంగా లేచాయి. ఆఖరి పాట పోయాక ఆమె నిలబడింది. గిటారు రెండు వేళ్ల మధ్య ఉంది.

సోమవారం టైంటేబులు మారింది. ఆఖరి పీరియడులో ఉండే సంగీతం ప్రార్థన అవగానే మొదటి పీరియడుకి వచ్చింది. గిటారు ఇప్పుడు ఎంత తేలికంటే, ఫ్యాను వేస్తే మేకు మీద ఊగుతోంది.

నెల తరవాత బడివాళ్లు వార్షిక సంచిక వేశారు. పదకొండో పేజీలో బంగారయ్య ఫొటో, కింద 'గిటారుకు గొంతు ఇచ్చిన ఘనుడు శ్రీ బంగారయ్య' అని. తన పేరు ఆయన పోల్చుకున్నాడు. మిగతాది మాధవీలత చదివింది. ఆయన సంతోషపడలేదు. బిళ్ళ నాది, టంకం నాది, స్పీకర్లు నావి, చోటు నాది కాదు అన్నాడు. రెండుసార్లు బడికి వెళ్లి చెప్పాడు. అచ్చయిపోయింది, ఇప్పుడేం చేస్తామండీ అన్నారు. అసిరమ్మతో ఆయనకి ఈరోజుకీ మాటల్లేవు. అది వేరే తగాదా. తప్పు రాత తప్పు రాతే.

కాబట్టి ఆ సంచిక ఎవరి దగ్గరుంటే వాళ్లు, పెన్నుతోనైనా సరే, పదకొండో పేజీలో దిద్దండి. బిళ్ళ అంటించాల్సిన చోటు కనిపెట్టింది అసిరమ్మ, జీడిపిక్కలు కొట్టే మనిషి, కాశీబుగ్గ. అంతే రాయండి. బంగారయ్య వదిన అని మాత్రం రాయకండి, ఆవిడ ఒప్పుకోదు.