వాన రోజు వార్నిష్

పళ్ళ మేస్త్రికి వందలమంది నోళ్ళు తెలుసుగానీ ఒక్క మనిషి ముఖమూ గుర్తుండదని ఆయన భార్య ఎగతాళి చేసేది. అందులో అబద్ధమేమీ లేదు. డాక్టర్లు పంపే అచ్చులు చూసి కట్టుడు పళ్ళు తయారు చెయ్యడం ఆయన వృత్తి. ఆ పళ్ళు పెట్టుకుని నవ్వేవాళ్ళను ఆయన చూసింది తక్కువ.

పన్ను మీద పన్ను కూర్చోబెట్టి నిదానం అలవాటైన ఆ చెయ్యే ఆయన్ని ఇంకో సరదాలోకి దింపింది. నెపోలియన్ కాలపు సైనికుల బొమ్మలు. ఒక్కో బొమ్మ బొటనవేలంత ఉంటుంది, రంగు లేని లోహపు ముద్దలా వస్తుంది. దానికి నల్లటి అడుగు పూత వేసి, నీలం కోటు, ఛాతీ మీద తెల్లటి పట్టీలు, ఎర్రటి భుజకీర్తులు, ఇత్తడి గుండీలు అన్నీ సన్నటి కుంచెతో దిద్దాలి. ఆయన దిద్దిన గుండీలను భూతద్దం పెట్టి లెక్క చూసుకోవచ్చు. ఒక్కటి తగ్గదు, ఒక్కటి వంకర పోదు.

సైకిల్ దుకాణం మీది గదిలో ఆదివారం ఆదివారం పదకొండు మంది చేరేవారు. రెండు టేబుల్ టెన్నిస్ బల్లలు కలిపి, పచ్చ గుడ్డ పరిచి, థర్మోకోల్ కొండలు నిలబెట్టి, నీలం కాగితంతో నది పారించి, సైన్యాలను ఎదురెదురుగా దించేవారు. టేపుతో దూరం కొలిచి దళాన్ని నడపాలి, పాచికలు వేసి తుపాకులు పేల్చాలి. తగువులొస్తే రిటైరైన భూగోళం మాస్టారిదే ఆఖరి మాట. ఏడాదికోసారి ఒక్కొక్కరు తమకు నచ్చిన దళం ముందు ఒక చొక్కా గుండీ పెట్టాలి. ఎవరి ముందు ఎక్కువ గుండీలుంటే ఆ ఏడాదికి వాళ్ళ దళమే మేటి. పదకొండేళ్ళుగా ఆ గుండీలు పళ్ళ మేస్త్రి ముందే కుప్పపడుతున్నాయి.

ఆ గదికి తోడల్లుణ్ణి తీసుకెళ్ళింది కూడా ఆయనే.

తోడల్లుడు బస్సు కండక్టరు. డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేసిన రోజున మెట్ల మీద నుంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. అతుక్కుంది గానీ ఇక బస్సులో నిలబడే కాలు కాదని తేల్చేశారు. నోరు మూతపడని మనిషి కాస్తా కిటికీ దగ్గర కుర్చీలో మూగనోము పట్టినట్టు కూర్చునేవాడు. "బావగారితో ఎక్కడికైనా పంపించవే అక్కా, ఇంట్లో చూడలేకపోతున్నాను," అని అతని భార్య తన అక్క దగ్గరికి వచ్చి కన్నీళ్ళు పెట్టుకుంటే, పళ్ళ మేస్త్రి జాలిపడి ఆరు పాత బొమ్మలు, రెండు అరిగిన కుంచెలు పట్టుకెళ్ళి ఇచ్చాడు. కుంచెకు ఎంత తడి ఉండాలో, ఏ రంగు ముందు వెయ్యాలో పక్కన కూర్చుని నేర్పాడు. తోడల్లుడు వేసిన మొదటి బొమ్మ బెల్లం పాకంలో పడి లేచినట్టుంది. పళ్ళ మేస్త్రి ముసిముసిగా నవ్వుకుని, "పరవాలేదు తమ్ముడూ, చెయ్యి తిరుగుతుంది," అని ధైర్యం చెప్పాడు. అప్పటికి ఆయన మనసు చాలా విశాలంగా ఉంది.

ఏడాది తిరిగేసరికి ఆ చెయ్యి నిజంగానే తిరిగింది.

ఏటా గుండీలు పెట్టే ఆదివారం కండక్టరు పన్నెండు మంది గ్రెనేడియర్లను, అంటే ఎలుగుబంటి తోలు టోపీలు పెట్టుకునే దండు వాళ్ళను, పచ్చ గుడ్డ మీద నిలబెట్టాడు. పట్టీలు వంకర. గుండీలు కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. కానీ ముఖాలు! ఒకడు నిలబడే కునుకు తీస్తున్నాడు. ఒకడికి పక్కవాడి మీద చెప్పలేనంత విసుగు. ఇంకొకడు తన స్టేజీ దాటిపోయిందేమోనని కంగారుపడుతున్నట్టు మెడ సాచాడు. ఇరవై రెండేళ్ళు బస్సులో చూసిన జనమంతా ఆ టోపీల కిందికి వచ్చి చేరారు.

"ఒరేయ్, వీడు అచ్చం మా పెద్దమామయ్యే!" అని మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నాడు. అందరూ ఆ మూలకే మూగారు. ఆ రోజు కండక్టరు ముందు తొమ్మిది గుండీలు పడ్డాయి, పళ్ళ మేస్త్రి ముందు మూడు. ఆ మూడింటిలో ఒకటి కండక్టరు పెట్టిందే.

"గురువు గొప్పవాడు కదా," అన్నాడు మాస్టారు ఆయన భుజం తట్టి. పళ్ళ మేస్త్రి నవ్వాడు.  మర్నాడు పనిలో ఒక ముసలావిడ పళ్ళ సెట్టు చేస్తూ మధ్యలో ఆగి, "గుండీలు కూడా సరిగ్గా వెయ్యడం రానివాడికి!" అని పైకే అనేశాడు. పక్క బల్ల కుర్రది ఏమిటన్నట్టు తలెత్తి చూసింది.

ఆ తరవాత నాలుగు నెలలూ ఇదే వరస. తోడల్లుడు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇవాళ ఒకడికి పంటినొప్పి తెప్పించాను, నువ్వు చూడాలి," అంటే, "చూద్దాంలే," అని పెట్టేసేవాడు. వెళ్ళి చూసినప్పుడు మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయేవాడు. ఎలా వేశావని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. నేర్పినవాడు నేర్చుకున్నవాణ్ణి ఏమని అడుగుతాడు?

నది దాటే యుద్ధం ఆడదామని మాస్టారు పెట్టిన ఆదివారానికి రెండు రోజుల ముందు, కండక్టరు కుంటుకుంటూ డబ్బా పట్టుకొచ్చాడు. గ్రెనేడియర్లు ఇరవై నాలుగు మంది అయ్యారు.

"రంగు రాలకుండా పైన ఆ వార్నిష్ స్ప్రే నువ్వే కొట్టిపెట్టు అన్నయ్యా. నాకు భయం. ఎక్కువ పడితే ముఖాలు పోతాయేమో."

బయట ముసురు పట్టి ఉంది. తేమలో ఆ వార్నిష్ కొట్టకూడదని, కొడితే బొమ్మ మీద తెల్లగా బూజు పట్టినట్టు పొర కట్టేస్తుందని గదికి వచ్చే ప్రతివాడికీ చెప్పేది పళ్ళ మేస్త్రే. ఎండ వచ్చేదాకా ఆగితే సరిపోయేది. తోడల్లుడు అటు వెళ్ళగానే ఆయన బొమ్మలను అట్టముక్క మీద వరసగా నిలబెట్టి, బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. ఆదివారానికి టైము లేదు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. చినుకుల చల్లదనం ముఖానికి తగులుతూనే ఉంది. స్ప్రే నొక్కాడు.

పొద్దున చూస్తే ఇరవై నాలుగు మందీ ముఖాల నిండా పిండి పూసుకున్నట్టున్నారు. కునుకు తీసేవాడెవడో, పంటినొప్పి ఎవడిదో ఆనవాలు లేదు. పళ్ళ మేస్త్రికి ముందు ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయికి ఆయనే ఉలిక్కిపడ్డాడు.

కండక్టరు వచ్చి డబ్బా మూత తీసి చాలాసేపు చూశాడు. పళ్ళ మేస్త్రి సంజాయిషీ వెతుక్కుంటుండగానే అతనే అన్నాడు.

"రంగులో నీళ్ళు ఎక్కువ కలిపేసి ఉంటాను అన్నయ్యా. నువ్వు చెబుతూనే ఉన్నావు, నేనే వినలేదు. నాకెందుకొచ్చిన పని ఇది!"

డబ్బా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆదివారం గదికి రాలేదు. పళ్ళ మేస్త్రి దళం నది దాటి, ఎదురులేకుండా ఊరు పట్టుకుంది.  మధ్యలో ఇద్దరు ముగ్గురు, "కండక్టరేడీ?" అని అడిగారు.

వారం గడిచాక ఆయన భార్య బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండానే అంది.

"చెల్లెలు ఫోన్ చేసింది. మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నాడట. కుంచెలన్నీ చెత్తబుట్టలో పడేశాడట."

"అయ్యో," అన్నాడాయన.

"ఆ రోజు చినుకులు పడుతున్నాయని నేను ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకున్నాను. మీరు బొమ్మలు బయటికి తీసుకెళ్ళారు. నాకు మీ వార్నిష్‌ల సంగతి తెలియదు. మీకు తెలుసుగా?"

ఆయన లేచి వెళ్ళి, కండక్టరు వదిలేసిన డబ్బా మూత తీశాడు.

మర్నాడు సెలవు పెట్టి డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు. తెల్లబడిన పొర మీద మెరుపు వార్నిష్ కుంచెతో పలచగా రాస్తే కొన్నిసార్లు కింది రంగు తేటపడుతుంది. ఒక్కొక్కణ్ణే పట్టుకుని, ముక్కు పక్కన, టోపీ అంచు కింద, నెమ్మదిగా రాస్తూ పోయాడు. సాయంత్రానికి పదిహేడు మంది తేటపడ్డారు. ఏడుగురు తేరుకోలేదు. భూతద్దం కింద ఆ పదిహేడు ముఖాలూ చూస్తుంటే చేసిన పాపం గుర్తొస్తూనే ఉంది, కడుపుమంటా తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండగలవని ఆయనకు అప్పుడే తెలిసింది.

చీకటి పడకముందే తోడల్లుడి ఇంటికి వెళ్ళి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని చెప్పేశాడు.

"రంగులో నీళ్ళు కాదు తమ్ముడూ. తేమలో కొట్టకూడదని తెలిసే కొట్టాను."

కండక్టరుకు ముందు అర్థం కాలేదు. "ఎందుకు?"

"అందరూ నీ బొమ్మల చుట్టూ మూగారు."

"దానికా?" అన్నాడతను.  "బొమ్మలు పోతే పోయాయి. ఈ పది రోజులూ నన్ను నేను ఎంత తిట్టుకున్నానో తెలుసా నీకు? కాలు పోయింది, చెయ్యి కూడా పనికిరాదనుకున్నాను. నువ్వు వెళ్ళు."

కాఫీ గ్లాసులతో వచ్చిన మరదలు గుమ్మంలోనే ఆగిపోయింది. పళ్ళ మేస్త్రి డబ్బా అక్కడే పెట్టి లేచి వచ్చేశాడు.

మూడు ఆదివారాలు కండక్టరు రాలేదు. నాలుగో ఆదివారం డబ్బాతో మెట్లెక్కి వచ్చాడు. పళ్ళ మేస్త్రి వైపు చూడకుండా ఇరవై నాలుగు మందినీ బల్ల మీద దించాడు. ఏడుగురికి పాత రంగు కడిగేసి కొత్తగా వేశాడు. మాస్టారు చీటీలు తీస్తే తోడల్లుళ్ళిద్దరే ఎదురెదురుగా వచ్చారు.

"ఈ ఏడుగురూ కొత్తగా ఉన్నారేమయ్యా?" అన్నాడు మాస్టారు వంగి చూస్తూ.

"పాతవి వానకు పాడయ్యాయి మాస్టారూ," అన్నాడు కండక్టరు టేపు సాగదీస్తూ.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. పళ్ళ మేస్త్రికి మాత్రం ఆ దాపరికం మోయడం తిట్లకన్నా బరువనిపించింది.

"వానకు కాదు. నేనే పాడు చేశాను. ఓర్వలేక, తెలిసే చేశాను," అన్నాడు అందరికీ వినపడేలా.

గదిలో పాచికల చప్పుడు ఆగిపోయింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరూ ఆయన్ని వెనకేసుకు రాలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. కండక్టరు మాత్రం నేల చూపులు చూస్తూ, "నీ వంతు అన్నయ్యా. పాచికలు వెయ్యి," అన్నాడు.

ఆట మధ్యాహ్నం దాటేదాకా సాగింది. పళ్ళ మేస్త్రి గుర్రపు దళం రెండుసార్లు కొండ మీదికి దూకి రెండుసార్లూ చెదిరిపోయింది. గ్రెనేడియర్లు వంతెన పట్టుకున్నారు. ఓడిన గుర్రాలను డబ్బాలో సర్దుకుంటూ, పక్కనెవరూ లేనప్పుడు ఆయన అడిగాడు.

"ఆ ముఖాలు ఎలా వేస్తావు?"

కండక్టరు ఆయన బొమ్మనొకదాన్ని తీసుకుని వెలుగులో తిప్పాడు. "నువ్వు రెండు కళ్ళూ గుండ్రంగా తెరిపిస్తావు. ఎండలో నిలబడ్డవాడు కళ్ళు అంత తెరుస్తాడా? నేను కళ్ళు గియ్యను. కనుబొమ్మ కింద నీడ వేసి వదిలేస్తాను."

సోమవారం భోజనం వేళ పళ్ళ మేస్త్రి పనిబల్ల దగ్గరే ఒక బొమ్మ పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు గియ్యలేదు, నీడ వేశాడు. ఒకసారి తుడిచేశాడు, ఇంకోసారి తుడిచేశాడు. మూడోసారి వేశాక భూతద్దం కింద పెట్టి చూస్తే, సైనికుడు తుమ్మబోతూ ఆగిపోయినట్టున్నాడు. ఆ కండక్టరుకు ఇదంతా ఎలా వచ్చిందో అనుకుంటే మళ్ళీ అసూయ తలెత్తింది. అయినా ఈసారి ఆ ముఖాన్ని తుడవకుండా, ఆదివారం అతనికి చూపిద్దామని రంగు ఆరాక బొమ్మను చొక్కా జేబులో వేసుకున్నాడు.