రెండు వేళ్ల తేడా

గౌను అంచు నేలకి తగిలింది. అక్కకి ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి, అంగుళం తప్పు ఎరగదు. గుడ్డ మీద పెట్టి కత్తిరించే అట్ట అదే, కొలత అదే, అద్దం ముందు నిలబడిందీ తన సొంత చెల్లే. ఈ బట్టల కంపెనీలో ఏ గౌనైనా ముందు చెల్లి ఒంటిమీద వేసి చూశాకే వేలల్లో కుడతారు.

మళ్లీ కొలిచింది. నడుము ఇరవై రెండు, పన్నెండేళ్లుగా వెంట్రుకవాసి మారలేదు. మెడ నుంచి నడుము దాకా మాత్రం రెండు వేళ్లు తక్కువ. ముప్పై ఏళ్లకే మనిషి పొట్టి అవడమేంటి? టేపు సాగిందేమోనని కొత్తది తెచ్చి చూసింది. అదే లెక్క.

కంపెనీ మేడమ్‌కి చెబితే నవ్వేసింది. నడుము నిలిస్తే చాలట, అట్టనే రెండు వేళ్లు తగ్గించెయ్యమంది. అక్క తగ్గించేసింది కూడా.

వారం తిరక్కుండా చెల్లి తుమ్మింది. ఒక్క తుమ్ము, అంతే, వీపు పట్టుకుని కూలబడిపోయింది. ఎక్స్‌రేలో మూడు వెన్నుపూసలు తొక్కిన అగ్గిపెట్టెల్లా అణిగి ఉన్నాయి. నెలసరి సంగతి డాక్టరు అడిగితే, ఆగిపోయి ఏడేళ్లయిందని చెల్లి తాపీగా చెప్పింది. ఏళ్ల తరబడి తినకుండా, తిన్నది కక్కేస్తూ ఉంటే ఎముక ఇలాగే గుల్లబారుతుందని, ఇప్పుడైనా తిండి మొదలెట్టకపోతే ఈసారి తుంటి విరుగుతుందని డాక్టరు అన్నాడు. బాత్రూంలో పులిసిన కంపు గుర్తొచ్చింది అక్కకి. ముక్కు మూసుకుని ఫినాయిల్ పోసింది తనే. పద్దెనిమిదేళ్ల పిల్లని తెచ్చి అద్దం ముందు నిలబెట్టిందీ తనే. తూ, ఏం బతుకిది.

వీపుకి పట్టీ కట్టించుకుని ఆస్పత్రి బయటికొచ్చాక చెల్లి నోట వచ్చిన మొదటి మాట: "అక్కా, ఈ వీపు పట్టీతో లావుగా కనిపిస్తానా?"

మర్నాడు అక్క ఆ అట్టలన్నీ చెత్తబుట్టలో కుక్కి, అద్దం ముందు తనే నిలబడింది. మేడమ్ ఆముదం తాగినట్టు మొహం పెట్టింది.

"చెల్లి ఇంక ఇక్కడ నిలబడదు మేడమ్. నన్ను కొలవండి, లేదంటే ఇద్దర్నీ పంపించెయ్యండి."

కత్తెర మనిషిని వదులుకునే ధైర్యం మేడమ్‌కి లేదు. గొణుక్కుంటూ వెళ్లిపోయింది. ఇంట్లో ఉండనని వెంటపడి వచ్చిన చెల్లి చేతికే టేపు ఇచ్చింది అక్క. చెల్లి అక్క నడుము చుట్టూ టేపు తిప్పి, అంకె చూసి, చచ్చిన ఎలకని ముట్టుకున్నట్టు ముక్కు చిట్లించింది.

"నలభై."

"చీదరించుకుంది చాలు, రాసుకో," అంది అక్క. "రేపు మళ్లీ డాక్టరు దగ్గరికెళ్తున్నాం. ఈసారి ఎముకల కోసం కాదు, తిండి కోసం."

చెల్లి టేపు చుట్టేసింది. రానని మాత్రం అనలేదు.