ఎండకు పెట్టిన పుంటికూర

గద్వాల మగ్గాల వీధిలో చీరలు నేసే జములమ్మకు ఎండంటే గిట్టదు. అద్దిన రంగును తినేస్తుందని నూలును ఎప్పుడూ నీడలోనే ఆరేసేది. రెండువేల ఆరు వేసవిలో తమ్ముడు నాగన్న వచ్చి పెరట్లో పుంటికూరకు పురుగుమందు కొట్టి వెళ్లాడు. లేత ఆకులు వాడిపోతాయని ఆమె సగం మడికి పాత చీరను పందిరిగా కట్టింది.

పన్నెండో రోజు పెరట్లో కట్టేసిన మేక తాడు తెంపుకుని మడిలో పడింది. ఎండలోని ఆకును కళ్లు అరమోడ్చి, కలగంటున్నట్టు మేసింది. చీర నీడలోని ఆకును మాత్రం మూతి ఆనించి వదిలేసింది. జములమ్మ వంగి ఆ ఆకును వాసన చూసింది. మందు నిన్ననే కొట్టినంత ఘాటుగా ఉంది.

మళ్లీ వచ్చిన నాగన్న సంగతి విని నవ్వాడు. "ఆకు మీది మందును ఎండనే ఇరగ్గొడ్తదక్కా. నువ్వేమో దానికి గొడుగు పట్టినవ్."

ఆమె పందిరి చీరను విప్పింది. నెమలికంఠం రంగు వెలిసి, చీర పలచని మబ్బులా చేతిలోకి జారింది. ఆకుల మీద వెలుగు మెల్లగా పరుచుకుంది. ముప్పై ఏళ్లుగా తిట్టిన ఎండతో జములమ్మ గొంతు తగ్గించి అంది:

"నా రంగులన్నీ తింటివి గదా. గీ మందు గూడ తిను. కడుపునిండ తిను."