గళ్లన్నీ పచ్చనే

బజారులో అందరూ అతన్ని చెవిమేస్త్రి అంటారు. పాత కంప్యూటర్ల హార్డ్ డిస్కు మీద స్క్రూడ్రైవర్ కొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రోగమేమిటో చెప్పేస్తాడు. టిక్కుటిక్కుమంటే చదివే ముల్లు పోయినట్టు, సన్నగా కూస్తే ఇరుసు అరిగినట్టు. తప్పింది తక్కువ. గర్వం మాత్రం తక్కువేం కాదు లెండి.

ఆ పొద్దున అక్క తెచ్చిన డిస్కు ఇటుకంత బరువుంది, ముప్పై ఏళ్లనాటిది. బావ తొమ్మిదేళ్లు కూర్చుని రాసుకున్న పుస్తకం అందులోనే ఉంది. వేరే నకలు లేదు, కాగితం మీద ఒక్క పేజీ లేదు. పక్షవాతం వచ్చి బావకు మాటా కుడిచెయ్యీ పడిపోయాయి, ఇక మళ్లీ రాసేదేముంది? షాపులో గోడవార కుర్చీలో కూర్చుని, ఆయన రెప్పవేయకుండా ఆ డిస్కునే చూస్తున్నాడు.

"ఒరేయ్, వస్తుందంటావా?" అంది అక్క.

స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. సన్నటి కూత.

"ఇరుసేనక్కా. లోపల రాత చెక్కుచెదరలేదు, చూస్తుండు."

"చూడ్డం తర్వాత. ముందా పుస్తకం బయటికి తీసిపెట్టరా బాబూ."

"తొందరేంటక్కా? పరీక్ష చేశాకే ఏదైనా."

ఇదిగో, ఇక్కడే కొంప మునిగింది. ఇరుసు పోయిన డిస్కు ఎంతసేపు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. తిరుగుతున్నంతలోనే అందినదాన్ని అందినట్టు వేరే డిస్కులోకి ఎత్తిపెట్టుకోవాలి. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా తెలిసిన సంగతి. మన మేస్త్రికేమో తన చెవి చెప్పింది నిజమని బావ ఎదుట రుజువు చేసుకోవాలనిపించింది. డిస్కు మొత్తం ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివి చూసే పరీక్ష పెట్టాడు. రెండు గంటలు పట్టింది. చదవగలిగిన ముక్కకల్లా తెరమీద ఒక్కో గడీ పచ్చబడుతూ వచ్చింది. ఎర్రగడి ఒక్కటీ లేదు.

"చెప్పానా!" అని తొడ చరిచాడు.

అక్క కళ్లు తుడుచుకుంది. "ఏమండీ, అంతా ఉందట! ఒక్క అక్షరం పోలేదట!" బావ మూతి ఒకవైపే నవ్వింది.

నకలు తీసే కంప్యూటర్ వేరే ఉంది. దానికి తగిలించడానికి డిస్కు ఆపాడు. మళ్లీ స్విచ్ వేస్తే కూత లేదు. చల్లారనిచ్చి వేశాడు. ఊహూఁ. ప్రాణాలుగ్గబట్టుకుని అరచేత్తో పక్కన తట్టాడు. తిరగడమైతే తిరిగింది గానీ, లోపల గరగరమని గీసుకుపోయిన చప్పుడు. అది వినడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేకపోయింది.

"ఏంట్రా అది?"

గబుక్కున స్విచ్ ఆపేశాడు. "ముల్లు రాతనంతా గీకేసిందక్కా. పోయింది."

"అదేంట్రా, ఇందాక మొత్తం చదివిందన్నావుగా?"

"చదివింది. ప్రతి అక్షరమూ చదివింది. చదివి వదిలేసింది. పరీక్ష చదివి చూస్తుందంతే, దేన్నీ ఎక్కడా దాచిపెట్టదక్కా. ముందే నకలు తీసుంటే ఈపాటికి అంతా మన చేతిలో ఉండేది. నా చేతులారా నేనే చేశాను."

అక్క తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది, దేవుడా! మేస్త్రి బల్లమీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

బావ ఎడమచెయ్యి చాచి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. కొన డిస్కు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. డిస్కుకు కరెంటు లేదని ఆయనకు చెప్పే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.