ఐదో సీటు

బరువెంతని అడిగితే మనుషులు నిజం చెప్పరు. అందుకే రేవు దగ్గర కాటా పెట్టాం. బూట్లతో, కోటుతో, మెడలో వేలాడే కెమెరాతో సహా ఎక్కమని నవ్వుతూ చెప్పడం, అంకె పైకి చదవకుండా రాసుకోవడం నా పని. నీటి విమానం చిన్నది. లెక్క తేలకుండా నీళ్ల మీంచి లేవకూడదు. అగ్నిపర్వతాల పార్కుకి మా ఊరి నుంచి రోడ్డు లేదు మరి. పంతొమ్మిదేళ్లుగా నేను తూచి పంపినవాళ్లు ఎలుగుబంట్లని చూశారు, క్యాంపు బస్సెక్కి బూడిద లోయదాకా వెళ్లారు, తిరిగొచ్చి "ఇక్కడే ఉంటారు, ఎంత అదృష్టమండీ మీది!" అన్నారు. వాళ్ల బూట్లు రాల్చిన బూడిద ఊడ్చింది నేనే. పార్కు మొహం మాత్రం నేనింతవరకూ చూడలేదు.

నా పేరు రాసుకున్న రోజునే బరువు ఎక్కువయ్యేది. ఎక్కువైతే మొదట మా కుక్కని దింపుతారు, తరవాత నన్ను. నా మొగుడు డెల్బర్ట్, విమానం నడిపేది అతనే, ప్రతిసారీ ఒకటే మాట: "ఇవాళ కాకపోతే రేపు. పార్కెక్కడికి పోతుందే?" మా అత్తగారు ఇంకో మెట్టు పైన: "టిక్కెట్టు కొన్నవాళ్లని ఒడ్డున కూచోబెట్టి ఇంటిమనిషి ఊరేగుతుందా, అమ్మాయ్?" ఊరేగాలని కాదు, చూడాలని అనేదాన్ని, మనసులోనే.

ఈసారి సంగతి వేరు. మా అమ్మ పోయి ఇవాళ్టికి నలభయ్యో రోజు. మా ఆచారంలో నలభయ్యో రోజున కొవ్వొత్తి వెలిగించి, పాట పాడి, పోయినవాళ్లని సాగనంపాలి. ఆ పాట పాత ఊళ్లో పాడమని అమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. కొండ పేలి బూడిద కురిసినప్పుడు మా ముత్తవ్వ వాళ్లు పడవలెక్కి వదిలేసి వచ్చిన ఊరది. పార్కు లోపల, క్యాంపు ఉన్న సరస్సుకి ఆ చివర ఉంది. గడ్డి తప్ప ఏమీ మిగల్లేదంటారు. జీవితమంతా ఆ ఊరి కబుర్లే చెప్పిన అమ్మ ఒక్కసారీ అక్కడికి వెళ్లలేదు. అతిథులని క్యాంపు దగ్గర దింపి నన్ను అవతలికి తీసుకెళ్తానని డెల్బర్ట్ ఒప్పుకున్నాడు. నాతో కలిపి అయిదుగురికీ కాగితం మీద సరిగ్గా సరిపోయేలా లెక్క నిన్ననే వేశాను. పొద్దున్న సాల్మన్ సూప్ పొయ్యి మీద పెట్టి, వచ్చిన ఫోన్లకి జవాబులు చెప్పి, ఆకాశం చూసి, గరిటె తిప్పి, మళ్లీ ఆకాశం చూశాను. మధ్యాహ్నానికి మంచు దిగుతుందని రేడియో చెప్పింది. కాలు ఒకచోట నిలవడం లేదు. జేబులో కొవ్వొత్తి ఉందో లేదో నాలుగుసార్లు తడుముకున్నాను.

అతిథులు ముగ్గురూ వచ్చారు. మూడో ఆయన వెనకాల ఒక ఇనప పెట్టె కూడా వచ్చింది. కెమెరాలట. యాభై పౌండ్లు.

తాడు విప్పుతున్న డెల్బర్ట్ ఇటు తిరక్కుండానే, "మాత్రోనా, నీ పేరు కొట్టెయ్" అన్నాడు.

"ఇవాళ నలభయ్యో రోజు."

"రేపు తీసుకెళ్తాలే. నలభై ఒకటైతే ఏం? మీ అమ్మకి లెక్కలొచ్చా?"

అతిథులు నవ్వారు. మర్యాదకే నవ్వి ఉంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా అలవాటుకొద్దీ పెన్సిల్ నా పేరు మీదికే వెళ్లింది. అప్పుడు కాగితంలో మొదటి వరస కంటపడింది. పైలట్, నూట ఎనభై పౌండ్లు. అది పెళ్లినాటి బరువు. అతను కాటా ఎక్కగా నేనెప్పుడూ చూడలేదు, చెప్పింది రాశాను, ఏటేటా అదే రాశాను. అతని ప్యాంటు నడుములు విప్పి కుట్టేది నేనే కదా, నాకు తెలీదా? మొగుడి పరువు కదా అని ఊరుకున్నాను. విమానం క్షేమంగా లేవాలంటే ఆ తేడాకి ఎవరో ఒకరు దిగాలని నాకు లోపల తెలుసు. అందుకే, దిగమన్న ప్రతిసారీ నోరెత్తకుండా దిగాను.

"డెల్బర్ట్, ఒకసారి ఇలా వచ్చి కాటా ఎక్కు."

"నేనా?"

"బూట్లతోనే."

అందరూ చూస్తున్నారు. ఎక్కితే ఒక పరువు పోతుంది, ఎక్కకపోతే ఇంకో పరువు. ఎక్కాడు. రెండువందల ముప్ఫై తొమ్మిది. ఆ అంకె పైకే చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రేవు చివర రెండో విమానానికి చలికాలపు ముసుగు కడుతున్న జూన్, మా రెండో పైలట్, చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది. "నన్ను తూచక్కా" అని ఎవరూ అడక్కుండానే ఎక్కి నిలబడింది. నూట ఇరవై నాలుగు. కాగితంలో పైలట్‌కి రాసిన నూట ఎనభై కన్నా యాభై ఆరు తక్కువ. పెట్టె ఎక్కొచ్చు, నేనూ ఎక్కొచ్చు, ఇంకా ఆరు పౌండ్లు మిగిలాయి. డెల్బర్ట్ పేరు కొట్టేశాను. గీత తిన్నగానే పడింది.

"నా విమానం నేను లేకుండానా? మరి ఫోన్లెవరు ఎత్తుతారు? సూప్ మాడిపోతుంది!"

"గరిటె గిన్నెలోనే ఉంది."

జూన్ ఇంజను తిప్పింది. డెల్బర్ట్ తాడు పట్టుకుని రేవు మీద నిలబడ్డాడు. దాన్ని ఎలా చుట్టాలో మర్చిపోయినట్టున్నాడు. ఆ చప్పుడులోంచి గట్టిగా అరిచాడు, "ఎప్పుడొస్తావ్?"

పంతొమ్మిదేళ్లలో ఆ మాట నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. జేబులో కొవ్వొత్తి ఇంకోసారి తడుముకుని తలుపు వేసుకున్నాను.