జయమణి కంటే

"జయమణి అయితే ఈపాటికి పులుసు దించేసును," అంది వరండాలోంచి అత్త రామలక్ష్మి.

యోగేశ్వరి వంటింట్లో పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. పొద్దుటి నుంచి హుటాన్ మెలింటాంగ్ రేవు పక్క షెడ్డులో ఐసు తొట్టెలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి వచ్చింది. ఐసులో వేళ్ళు ముందు కొంకర్లు పోతాయి, తర్వాత మొద్దుబారతాయి, ఆ పైన ఎవరివో వేళ్ళలాగా వాటి పని అవి చేసుకుపోతాయి. "బండబారినంతసేపు ఏటీ తెలీదు లా. మళ్ళీ వేడి తగిలినప్పుడే ఏడుపొస్తాది," అనేది పక్కన ఒలిచే ముత్యాలు, ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి. యోగేశ్వరికి ఆ ఏడుపు కూడా రావడం మానేసి చాలా కాలమైంది. గుడ్డ లేకుండానే వేడి కుండ దించేస్తుంది. అత్త అది నలుగురికీ చూపిస్తుంది. "దీని సెయ్యి కాలదర్రా, రాయి." అది మెప్పో తిట్టో యోగేశ్వరి తేల్చుకోలేదు.

రామలక్ష్మికి ఇద్దరు కొడుకులు. ఒక నెల బాగన్ దాతుక్‌లో పెద్దకొడుకు ఇంట, ఒక నెల ఇక్కడ చిన్నకొడుకు గణేశన్ ఇంట. జయమణి పెద్దకోడలు. సంచీ దించగానే మొదలయ్యేది ఆమె మాటే. జయమణి అన్నం పొడిపొడిగా ఉంటాది. జయమణి ఇల్లు తుడిస్తే మొహం కనపడతాది. జయమణి చేపల పులుసు తిన్న నోటికి ఇంకోటి ఎక్కదు. గణేశనూ తల్లి పాటకి తాళం వేసేవాడు. "ఒకపాలి వదినకి ఫోన్ సేసి అడగరాదా, ఏటేటి ఎయ్యాలో? నామోషీయా?" అనేవాడు. యోగేశ్వరి ఎన్నడూ చెయ్యలేదు. తనని కొలిచే కర్రనే వెళ్ళి పొడవెంతని ఎలా అడుగుతుంది? పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఇద్దరూ పళ్ళు కనపడకుండా నవ్వుకునేవాళ్ళు, వేరే వేరే వరసల్లో కూర్చునేవాళ్ళు. అయినా అత్త వచ్చిన ప్రతిసారీ, ఈ నెలలో ఒక్క పూట ఆ ముసిలామె నోట "బాగున్నాది" అనిపించుకోవాలని యోగేశ్వరి లోపల ఏదో చేపలాగా ఒకసారి కదిలేది. ఇంత వయసొచ్చి ఇంకా కదులుతున్నందుకు తన మీద తనకే చిరాకు వేసేది.

జయమణి కూతురు తివ్య రెండు వారాలుగా ఇక్కడే ఉంటోంది. తెలుక్ ఇంతాన్‌లో క్లాసు, ఇక్కడి నుంచైతే బస్సు దగ్గర. ఫిన్లాండ్‌లో నర్సు చదువుకి సీటు వచ్చింది, ఆ దేశపు భాషలో పరీక్ష ఉంది. సాయంత్రాలు వంటింటి గుమ్మంలో కూర్చుని, ఫోన్ చూస్తూ అప్పజెబుతుంది. అర్థం కాకపోయినా ఒక మనిషి ఎదురుగా ఉండి వినాలిట, అలా అయితే నోరు తిరుగుతుందిట. ఇంట్లో ఊరికే వినడానికి ఎవరు దొరుకుతారు, యోగేశ్వరి తప్ప.

"ఈయాల పోల్చి సెప్పడం పిన్నీ. హ్యువా, పరెంపి, పరస్."

"అంటే?"

"బాగున్నాది. దాని కంటే బాగున్నాది. అన్నిటి కంటే బాగున్నాది."

మూడు మెట్లు, అనుకుంది యోగేశ్వరి. కొబ్బరి చిప్ప తిప్పుతూ ఆలోచించింది. తన విషయంలో ఎవరూ మొదటి మెట్టు మీద కాలు పెట్టనేలేదు. వస్తూనే రెండోదాని మీదకి ఎక్కారు, అక్కడ అప్పటికే జయమణి కూర్చుని ఉంది.

"ఇంట్లోవాళ్ళ మీద సెప్పాలిట. ఇను. తాదిన్ కెయిత్తో ఒన్ పరెంపి కుయిన్ ఆయ్‌దిన్." తివ్య తనలో తనే నవ్వుకుంది. "పిన్ని పులుసు అమ్మ పులుసు కంటే బాగుంటాది."

"అబద్ధాలు సెప్పకే గుంటా. టీచరు తంతాది."

"నాను సెప్పింది కాదు పిన్నీ, మామ్మ మాటే లా. మా ఇంట ఉన్న నెలంతా ఇదే పాట. 'యోగి సేతిలో ఏటున్నాదో గానీ నీ సేతిలో నేదు జయమణీ' అంటాది. అన్నం యోగిదే, ముగ్గు యోగిదే. అమ్మ ముందర ఏడిసేది. ఇప్పుడు ఏడవదు. ఏటీ అనదు." ఫోన్ లోంచి తల ఎత్తి చూసింది. "ఏటి పిన్నీ? నీకు తెలీదా?"

కోపం రావాలి కదా అని యోగేశ్వరి కాసేపు చూసింది. రాలేదు. కొబ్బరి కోరుతున్న చెయ్యి ఆగను కూడా లేదు. తలుపు సందులోంచి అత్త వెనకతల కనిపిస్తోంది, పల్చబడిన ముడి, ఎదుట తమిళ సీరియల్. సముద్రం దాటి వలసొచ్చిన కూలీల ఎస్టేట్లో పుట్టిన మనిషి. పక్క వరసదాని బుట్ట ఎత్తి చూపించి, అంతకంటే ఎక్కువ కాయలు ఏరమని మేస్త్రీ అరిస్తే చిన్నప్పటి నుంచీ ఏరిన మనిషి. ఆ పక్క వరసదానికి ఈమె బుట్ట చూపించేవాడేమో. పని చేయించుకోవడమంటే అంతేనని నేర్చుకున్నట్టుంది. సొంత ఇల్లంటూ లేదు, ఒక సంచీ, రెండు వంటిళ్ళు. తాడు రెండు కొసలూ తన చేతిలోనే పెట్టుకుని, ఏదీ జారకుండా లాగి పట్టుకుంది. జాలి పడవచ్చు. అదీ రాలేదు.

అన్నాల వేళ గణేశన్ పులుసు కలిపి ఒక ముద్ద తిన్నాడు. తల్లి కేసి చూశాడు. ఆమె ముక్క చిదిమి నోట పెట్టుకుని పెదవి విరిచింది.

"పరవానేదు. జయమణి సేసినట్టు నేదు."

తివ్య చప్పున నోరు తెరిచింది. యోగేశ్వరి వద్దని కళ్ళతోనే చెప్పింది. ఆ ముసలి నోటి నుంచి మాట వస్తుందని ఇన్నేళ్ళు ఎదురుచూసిన చేప ఈసారి కదల్లేదు. గరిటె కుండలో పెట్టి, గట్టు మీది ఫోన్ తీసుకుని పెరటి మెట్టు మీదకి వెళ్ళింది.

అవతల మోగీ మోగీ జయమణి ఎత్తింది.

"అక్కా, నాను, యోగిని."

"అత్తకి ఏటైనాదే?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆమెకి ఏదైనా అయితే తప్ప తాము మాట్లాడుకోవాల్సిన పని ఏముంది?

"ఏటీ అవనేదు. బాగున్నాది. అన్నం తింటన్నాది." తివ్య చెప్పిన మూడు మెట్లూ యోగేశ్వరికి గుర్తొచ్చాయి. "అక్కా, నీ పులుసు ఎలాగ సేస్తావు?"

జయమణి మెల్లిగా అంది, "అది నాను నిన్ను అడగాలి కదే."

"ముందు నువ్వు సెప్పు."

మెంతులు వేయించి పొడి, అంది జయమణి. చింతపండు పలచగా. దించే ముందు కొబ్బరిపాలు. యోగేశ్వరి ఒక్కొక్కదానికీ ఊ కొట్టింది. ఏదీ కొత్త కాదు. తను ఇందాక చేసిందీ అదే.

"ఇంకేటి ఎయ్యవా?"

"ఇంకేటీ నేదు. నువ్వు?"

"నానూ ఏటీ ఎయ్యను అక్కా."

లోపలి నుంచి గణేశన్ కేక వేశాడు. "ఏటే, మజ్జిగ ఏదీ? ఎవుళతో ఆ కబుర్లు?"

"కుండ మీ ఎదురుగానే ఉన్నాది. పోసుకోండి," అంది యోగేశ్వరి, మెట్టు మీంచి లేవకుండా.

"ఏడస్తన్నావా యోగీ?" అని ఫోన్‌లో జయమణి అడుగుతోంది.

"నేదక్కా," అంది. మళ్ళీ వేడి తగిలినట్టు వేళ్ళు మండుతున్నాయి, అంతే.