ఆకుల మాస్టారి నోటిమాట

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినిపించేది కత్తెర చప్పుడు. మాస్టారి బావమరిది పెరటి గుమ్మంలో కూర్చుని, తన చేతివేళ్ల చివర కొత్తగా పెరిగిన నులితీగల్ని కత్తిరించుకుంటూ ఉంటాడు. వాటిని వదిలేస్తే టీ గ్లాసుకీ, తలుపు గొళ్లేనికీ, పక్కన కూర్చున్నవాళ్ల చొక్కా గుండీకీ చుట్టేసుకుంటాయి. ఉద్యోగం పోయి అక్క ఇంటికి చేరిన కొత్తలో మాస్టారు అతణ్ణి ఎగాదిగా చూసి, "నులితీగలతో ఎగబాకే రకం. సొంతంగా నిలబడే కాండం కాదు" అన్నారు. అప్పటినుంచీ ఇంతే.

ఆకుల మాస్టారంటే ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. రైలుపట్టాల పక్కన, పాడుబడ్డ స్థలాల్లో, గోడ పగుళ్లలో వాటంతట అవే మొలిచే మొక్కల మీద ఓ లావుపాటి పుస్తకం రాస్తున్నారు. ఆయన ఎవరినైనా చూసి శాస్త్రంలో ఉన్న మాట ఒకటి అన్నారంటే అది ఆ మనిషికి అతుక్కుపోతుంది. మామూలు తిట్లతో ఇబ్బంది లేదు. గాడిదా, దద్దమ్మా అని ఆయన రోజంతా అరిచినా ఎవరికీ తోక మొలవలేదు. శాస్త్రం మాట మాత్రం మనిషికి ఒక్కటే, ఒక్కసారే. తగిలాక ఇక మార్చడం ఆయన వల్ల కూడా కాదు.

కాలేజీ ప్రిన్సిపాల్‌ని "బోలు కాండం" అన్నారు. ఆ పెద్దమనిషి ఉపన్యాసం ఇస్తుంటే, గాలి వీచినప్పుడల్లా లోపలినుంచి ఈల వినిపించేది. పక్కింటావిణ్ణి "మైనపు పూత ఉన్న ఆకు, ఏం పోసినా జారిపోతుంది" అన్నారు. ఆవిడ జోరువానలో గొడుగు లేకుండా బజారుకి వెళ్లి పొడిబట్టలతో తిరిగొస్తుంది. మాస్టారి నోటివల్ల లాభపడింది ఆవిడొక్కతే. కట్టుకున్న భార్యని పెళ్లయిన ఏడాదే "కంటకయుతం" అన్నారు. ఆవిడ భుజాల మీద, మోచేతుల మీద ముళ్లు మొలిచాయి. దర్జీ వాటిని తప్పించి కొలతలు తీసుకోవడం నేర్చుకున్నాడు.

ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. కొందరి చెయ్యి దురుసు, ఈయన నోరు ఇలాంటిది, అనుకుని ఊరుకున్నారు. మాస్టారికి మాత్రం అదో పెద్ద గొప్ప. మనుషులంటే ఆయనకి వెగటు. మురుగుకాలవ పక్కన మొలిచిన పిచ్చిమొక్క కూడా ఆకుల్ని ఓ వరసలో పెట్టుకుంటుంది, ఈ జనానికి ఆపాటి పద్ధతి కూడా లేదని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని కడుపులో దాచుకునే అలవాటు ఆయనకి లేదు. ఆయన వీధిలోకి వస్తున్నారంటే ఎదురొచ్చేవాళ్లు చెప్పు తెగినట్టు వంగి నేలచూపులు చూసేవాళ్లు.

కూతురికి మాత్రం ఇంతవరకూ ఏ మాటా తగిలించలేదు. అది మమకారమనుకుంటే పప్పులో కాలేసినట్టే. పూత పట్టని మొక్కని వర్ణించకూడదని ఆయన వృత్తిలో ఓ నియమం ఉంది. పువ్వు చూడకుండా మొక్క ఇలాంటిదని తేల్చేవాడు శాస్త్రం చదివినవాడు కాదు, చిలకజోస్యం చెప్పేవాడని ఆయన ఎప్పుడూ అనే మాట. ఆ అమ్మాయికి పాతికేళ్లు దాటినా ఆయన దృష్టిలో ఇంకా మొలకే. ఆయన పీక్కొచ్చిన ప్రతి మొక్కకీ వేరు నుంచి గింజ దాకా బొమ్మ గీసేది ఆమే. పుస్తకం మీద తన పేరు కూడా వేయిస్తారా అని ఓసారి అడిగితే, "గీతలకి పేరెందుకే?" అని నవ్వారు.

ఆ అమ్మాయికి వేరే ఊళ్లో, పిల్లల పుస్తకాలు అచ్చేసే చోట బొమ్మలు వేసే ఉద్యోగం వచ్చింది. ఆమె చెప్పాపెట్టకుండా బట్టలు సర్దేసుకుంది. పుస్తకంలో సగం బొమ్మలు ఇంకా మిగిలే ఉన్నాయి. మాస్టారికా, తిన్నగా ఓ గడ్డిపరక గీయడం కూడా రాదు. కూతురు గుమ్మం దాటితే ఆయన పుస్తకం అటకెక్కినట్టే.

అందుకే ఆయన ఒక మాట సిద్ధం చేసుకున్నారు. వృంతరహితం. అంటే కాడ లేని ఆకు. కాడ ఉన్న ఆకు కాస్త అటూ ఇటూ ఊగుతుంది. కాడ లేనిది కొమ్మనే కరుచుకుని బతుకంతా అక్కడే కూర్చుంటుంది. ఉద్యోగం వచ్చిందంటే పూత పట్టినట్టే కాబట్టి నియమం తప్పినట్టూ కాదు. పైగా ముళ్లూ తీగలూ లేని మర్యాదైన మాట ఇస్తున్నానని తనది జాలిగుండె అని ఆయనకే అనిపించింది.

కూతురు చేతిసంచి తెచ్చి హాల్లో పెట్టేసరికి మాస్టారు కుర్చీలో కూర్చుని, జేబులోంచి భూతద్దం తీసి తుడుస్తున్నారు. ఎవరికైనా మాట తగిలించే ముందు ఆయన తీసేది దాన్నే. అది చూసి భార్య చేతిలో గిన్నె అక్కడే పెట్టేసింది.

"వద్దండీ. దాన్ని వదిలెయ్యండి. మీకు దణ్ణం పెడతాను" అంది.

"నువ్వు నోర్ముయ్. ఇది శాస్త్రం."

"బావగారూ, చిన్నపిల్ల..." అని బావమరిది గుమ్మంలోంచి గొణిగాడు.

"నీకు వేళ్లతో పాటు నోటికీ తీగలొచ్చాయేమిట్రా? కూర్చో!"

కూతురికి భయం వేసింది. పదేళ్ల వయసునుంచీ ఈ క్షణం గురించే ఆమె భయం. అయినా వెళ్లి తండ్రి ఎదురుగా నిలబడింది.

"అనండి నాన్నా. ఏమంటారో అనేయండి. బస్సుకి టైమవుతోంది."

అక్కడ ఆ ఒక్క మాటా అనేసి ఊరుకుంటే మాస్టారు గెలిచేవారే. కానీ ఎదుటి మనిషిని నాలుగు దులపకుండా అసలు సంగతికి రావడం ఆయన ఒంట్లో లేదు.

"అక్కడికెళ్లి ఏం వెలగబెడతావు? కుందేలుకి కళ్లజోడు పెడతావా? ఎలకకి టోపీ పెడతావా?"

"పెడతాను. పిల్లలు చూసి నవ్వుతారు. మీ పుస్తకం చూసి ఎవరు నవ్వుతారు నాన్నా? మొక్కల సంగతి మొదలయ్యేలోపే ముందుమాటలో ఊళ్లోవాళ్లందర్నీ తిట్టిపోశారు. వేళ్లు తిమ్మిరెక్కేదాకా ఆ మొక్కల్ని గీశాను, నాకు వాటి మీద ప్రేమ. మీకు వాటి మీద కూడా లేదు."

మాస్టారి మొహం జేవురించింది. నాలుక చివర ఉన్న మాట వెనక్కిపోయి, కడుపులో ఉన్న కసి ముందుకొచ్చింది.

"నా మొక్కల గురించి నువ్వా నాకు చెప్పేది? నీకు బరువెక్కడిదే? నీకు వేరెక్కడిది? నెత్తి మీద కేశగుచ్ఛం, కింద ఓ ఎండు గింజ! గడ్డిచేమంతి గింజవి నువ్వు! ఎవడు ఉఫ్‌మంటే అటు కొట్టుకుపోయే రకం!"

అనేశాక ఆయనకి అర్థమైంది. కేశగుచ్ఛం, అంటే గింజని గాల్లో తేల్చే ఆ నూగు కుచ్చు, శాస్త్రంలో ఉన్న మాటే.

కూతురి జడ దానంతట అదే విడిపోయింది. వెంట్రుకలు ఒక్కొక్కటీ తెల్లబడుతూ పైకి లేచి, నెత్తి చుట్టూ గుండ్రంగా విచ్చుకున్నాయి. మడమలు నేల వదిలాయి, తర్వాత బొటనవేళ్లు. బావమరిది తీగలు అలవాటు కొద్దీ సర్రున సాగి ఆమె ఓణీ అంచుని పట్టుకున్నాయి. అతను వాటివైపు ఓసారి చూసుకున్నాడు. కత్తెర తీసుకుని మొదలుకంటా, రక్తం వచ్చేలా కత్తిరించేశాడు. ఆ ఇంటికి వచ్చాక అతను తనంతట తాను చేసిన మొదటి పని అది.

తల్లి వెళ్లి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. కూతుర్ని ఒక్కసారి దగ్గరికి తీసుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది. తీసుకుంటే ఆ తెల్లటి వెంట్రుకలు ముళ్లకి చిక్కుకుంటాయని గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"సంచి బరువమ్మా, వదిలెయ్యి. కుంచెలు పట్టుకో చాలు" అంది.

"వస్తానమ్మా."

"వృంతరహితం!" అని మాస్టారు కుర్చీలోంచి లేచి అరిచారు. "వృంతరహితం! వృంతరహితం!" గాడిదా అని అరిచినట్టే అయింది. అమ్మాయి కిటికీలోంచి తేలి, పక్కింటి డాబా దాటి, కరెంటు తీగల మీదుగా గాలి పోయే వైపు వెళ్లిపోయింది.

సాయంత్రానికి పక్కింటావిడ వచ్చింది. "ఎంతైనా కన్నకూతురు కదండీ! ఎంత చక్కటి మాట ఇచ్చారు! వీధి వీధంతా మీ మంచితనం గురించే" అంది.

"మంచితనమా? అది తిట్టు! తిట్టానమ్మా దాన్ని!" అన్నారు మాస్టారు. ఆయన ఎంత గొంతు చించుకున్నా ఆవిడ మీద నిలవలేదు. నవ్వుతూ వెళ్లిపోయింది.

భార్య టీ తెచ్చి, సగం గీసి ఆగిన బొమ్మ పక్కన పెట్టింది. ఆయన కిటికీకేసి చూస్తూ, "గాలి తిరిగితే అదే వస్తుంది" అన్నారు.

"గాలికి పోయిన గింజ మళ్లీ వచ్చి అదే కొమ్మకి అతుక్కున్నట్టు మీ శాస్త్రంలో ఎక్కడైనా ఉందా?" అని అడిగింది ఆవిడ.

మాస్టారు నోరు తెరిచారు. జన్మలో ఎవరికీ ఇష్టమైన మాట చెప్పినవారు కాదు గానీ, శాస్త్రం విషయంలో అబద్ధం ఆడడం ఆయనకి చేతకాదు.

"లేదు" అన్నారు.